పీకేసిన ఆకు పంపిన కబురు

మచ్చ పడిన ఆకు కంటపడితే మా అవ్వ చెయ్యి ఊరుకోదు. పరిగిలో మా వీధిలో ఎవరి గేటు ముందు మొక్క ఉన్నా సరే, పోతూ పోతూ పాడైన ఆకును గిల్లి పారేసేది. ఎవరు చెప్పినా వినే రకం కాదు.

ఎమ్మెస్సీ చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం నేను మిద్దె మీద కుండీల్లో దోస మొక్కలు పెంచాను. మొక్కలో ఒక్క కింది ఆకుకు తెగులు తగిలితే, లోలోపలే పై ఆకులకు కబురు వెళ్తుంది. తర్వాత అదే తెగులు తమ మీదికొచ్చినా అవి తట్టుకుంటాయి. అది చూపించడానికి సగం మొక్కల కింది ఆకు మీద తెగులు కలిపిన నీటి చుక్కలు వేశాను. మిగతా సగాన్ని ముట్టలేదు. మచ్చలు చక్కగా తేలాయి. ఇక అన్నిటి పై ఆకుల మీదా తెగులు చల్లి తేడా చూడాలి. ఇంతలో బంధువుల పెళ్లికి పెనుకొండ వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి మచ్చల ఆకు ఒక్కటీ లేదు.

"ఏం పని చేసినావవ్వా! నా చదువు నాశనం చేసినావు కదా!"

"మచ్చలాకును ఎవరన్నా సెట్టుకే ఉంచుకుంటారా? పక్కదానికి అంటుకోదా? పీకి మేకకేసినా," అంది అవ్వ, పైగా కోపంగా.

మళ్లీ విత్తనం వేయడానికి గడువు లేదు. ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే. ఒళ్లు మండి ఆ రోజు అన్నం కూడా తినలేదు. మర్నాడు హిందూపురంలో కాలేజీకి వెళ్లి, ప్రాజెక్టు చూసే మా సార్ ముందు ఏడ్చినంత పని చేశాను. ఆయన నవ్వాడు.

"మచ్చలు తేలినాకే పీకిందా?"

"తేలినాకే సార్."

"అట్లయితే కబురు ముందే పోయుంటాది. పై ఆకుల మీద చల్లి చూడుపో."

చల్లాను. అవ్వను మిద్దె ఎక్కనివ్వకుండా కాపలా కాశాను. కొన్నాళ్లకు, ముట్టని మొక్కల ఆకులు మచ్చలతో నిండిపోయాయి. అవ్వ ఆకు పీకిన మొక్కలకు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి చుక్కలు. సంతోషం పట్టలేక అవ్వను చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాను.

"సూడు, నేను పీకినందుకే బాగుండాయి," అంది.

"కాదవ్వా, నువ్వు పీకకముందే ఆ ఆకు పైవాటికి చెప్పేసింది."

అవ్వ నమ్మలేదు. ప్రాజెక్టు పరీక్షలో పెద్దాయన ఒకరు, ఆకు తీసేసినా రక్షణ నిలుస్తుందా అని చూడాలన్న ఆలోచన ఎవరిదని అడిగారు. మా అవ్వదని చెప్పాను. ఆయన నవ్వి మంచి మార్కులేశారు. ఆ వారమంతా అవ్వ వీధిలో తనే ఎమ్మెస్సీ పాసైనట్టు చెప్పుకుంది. నేను ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.