గడపవ్వ నాకు వేయించిన సూది

ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, చేతికున్న గడియారం కూడా కొత్తగా మెరుస్తున్న ఆ రోజుల్లో నా గుండెలో ఒక రహస్యం ఉండేది. పిల్లలకూ గర్భిణులకూ టీకాలు వేయడం నా పని. కానీ అదే సూది నా వైపు తిరిగితే మాత్రం నాకు చచ్చేంత భయం. ట్రైనింగ్‌లో బత్తాయి పండ్ల మీద సూదులు పొడవడంలో నాదే మొదటి స్థానం. మాకే టీకా వేసిన రోజున మాత్రం బాత్‌రూమ్‌లో దాక్కున్నాను. (బత్తాయిలు అరవవు, అదే వాటిలో ఉన్న గొప్ప సుగుణం.) జమ్మికుంట పక్క పల్లె నుంచి వెళ్ళిన నాకు ఆదిలాబాద్ దగ్గర ఒక పత్తి ఊళ్ళో నర్సు ఉద్యోగం వచ్చింది. ప్రతి బుధవారం మా పెద్ద సిస్టర్, నేను ఐసు పెట్టిన టీకాల డబ్బా మోసుకుని వెళ్ళి అక్కడి అంగన్‌వాడీలో కూర్చునేవాళ్ళం. మమ్మల్ని చూడగానే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పత్తి చేలల్లోకి మాయమైపోయేవారు.

అందుకు కారణం గడపవ్వ. అసలు పేరు వేరే ఉంది కానీ, పొద్దస్తమానం ఇంటి గడప మీదే కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఆరా తీసేది కాబట్టి ఊరంతా అలాగే పిలిచేది. కొడుకులిద్దరూ మస్కట్‌లో ఉన్నారు. ఇంట్లో అయిదు నెలల గర్భిణి చిన్న కోడలు, పెద్ద కోడలు, ఆమె పది నెలల కొడుకు. ఆ బుడ్డోడికి మొదటి టీకా వేసినప్పుడు జ్వరం వచ్చిందట. అంతే, ఆ తర్వాత ఒక్క సూదినీ గడపవ్వ ఇంట్లోకి రానివ్వలేదు. ఆవిడ వద్దంటే ఆ వాడలో మిగతా ఇళ్ళూ వద్దన్నట్టే. "జరమొచ్చి మూడు దినాలు పోరడు కండ్లు తెరవలే. పానం మంచిగున్నోనికి సూదెందుకు, పో బిడ్డా" అని రెండు బుధవారాలు నన్ను గడప దగ్గర్నుంచే పంపేసింది. ఈలోగా పక్క ఊళ్ళో తట్టు లేచింది. ఒళ్ళంతా ఎర్రగా పొక్కి, ఊపిరాడక ఎగపోస్తున్న పిల్లల్ని ఆస్పత్రిలో చూసి వచ్చాక నాకు అన్నం సయించలేదు.

మూడో బుధవారం నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. ముందు గడప మీద అవ్వ ఉంటే, వెనక దొడ్లో కోడళ్ళు ఉంటారు కదా! కంచె దాటి వెళ్ళి వాళ్ళతోనే మాట్లాడదామనుకున్నాను. (పాఠ్యపుస్తకంలో ఈ పద్ధతి లేదు. ఎందుకు లేదో కాసేపట్లోనే తెలిసింది.) ముళ్ళతీగ మీదుగా ఒక కాలు అవతల పెట్టానో లేదో, చున్నీ తీగకు చిక్కుకుంది. దాన్ని లాగబోతే నేనే జారాను. పిక్క మీద జానెడు పొడవున చీరుకుపోయి నెత్తురు కారింది. నా అరుపుకు ముందుగా పరుగెత్తుకొచ్చింది గడపవ్వే.

"ఏందే పిల్లా, దొంగతనానికి వచ్చినవా?" అని మొదలుపెట్టిన మనిషి నెత్తురు చూసి ఆగిపోయింది. గబగబా నీళ్ళూ సబ్బూ తెచ్చి కాలు కడిగింది. తీగ మీది తుప్పును ముట్టి చూసి, "జంగు పట్టిన తీగనే గిది! నడువ్, ఇప్పుడే సూది ఏయించుకుందువు" అంది.

"వద్దవ్వా, మొన్ననే ఏయించుకున్న" అని పచ్చి అబద్ధం ఆడాను.

ఆవిడ వింటేనా! నా మణికట్టు పట్టుకుని వాడంతా నడిపించుకుంటూ అంగన్‌వాడీకి తీసుకెళ్ళింది. వెనక కోడళ్ళు, వాళ్ళ వెనక ఇరుగుపొరుగు. "మొన్ననే అయిందంటుంది, నిజమేనా?" అని పెద్ద సిస్టర్‌ను అడిగింది. పెద్ద సిస్టర్ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "యాడ అయింది? దీని కార్డు నా దగ్గరనే ఉంది" అని మందు సిరంజిలోకి తీసింది.

సూది భుజాన్ని తాకగానే నేను వేసిన కేక పత్తి చేలల్లో దాక్కున్నవాళ్ళకు కూడా వినిపించిందట. "అవ్వో!" అని, ఇంట్లో అవ్వ అని పిలుచుకునే మా అమ్మను తలచుకుని అరిచాను. "ఆఁ బిడ్డా, ఈడనే ఉన్న" అంటూ గడపవ్వ నన్ను దగ్గరకు తీసుకుంది. అంగన్‌వాడీ అంతా పగలబడి నవ్వింది. నా పరువు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది.

ఆవిడ కొంగుతో నా కళ్ళు తుడుస్తూ, "మా తమ్ముని కాళ్ళ నాగలి కర్రు దిగింది. వారానికి దవడలు పట్టుకపోయి సచ్చిపోయిండు. గందుకే నిన్ను గుంజుకొచ్చిన. గింత భయం పెట్టుకొని గీ కొలువెట్ల చేస్తున్నవే?" అంది.

ఏడుపులో నాకు అబద్ధాలేవీ తట్టలేదు. "పక్కూర్ల తట్టు లేసిన పోరగాండ్లను చూసిన అవ్వా. గా బాధ ముందు సూదెంత? గిప్పుడు నాకేసిన మందే మీ చిన్న కోడలికి గూడ ఎయ్యాలె. లేకుంటే మీ తమ్మునికొచ్చిన ధనుర్వాతమే పుట్టిన పిల్లలకూ రావొచ్చు" అన్నాను.

"గదే మందా?"

"గదే సీసాల మందు."

ఆవిడ ఆ సీసాను చేతిలోకి తీసుకుని వెలుగుకు పెట్టి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఏమే చిన్నదానా, ఏం చూస్తున్నవ్? వచ్చి కూసో" అంది. చిన్న కోడలు సూది వేయించుకుంది. బుడ్డోడికి మిగిలిపోయిన టీకాలతో పాటు తట్టు టీకా కూడా వేశాం. జ్వరం వస్తే ఏం చేయాలో ఈసారి కూర్చోబెట్టి మరీ చెప్పాను. (వాడు నా కంటే తక్కువే ఏడ్చాడు. ఆ సంగతి ఊరంతా గుర్తించింది.) గడపవ్వ ఊరుకోలేదు. చేల గట్ల మీద నిలబడి తల్లుల్ని పేరుపేరునా కేకేసి పిలిచింది. మధ్యాహ్నానికి ఆ వాడలో మా పట్టీలో ఉన్న పదకొండు మందికీ టీకాలు పడ్డాయి. ఖాళీ సీసాలు చూసుకుని పెద్ద సిస్టర్, నేను పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఆ ఏడు ఆ ఊళ్ళో ఒక్క బిడ్డకూ తట్టు రాలేదు. చిన్న కోడలికి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టిన పూటే, "పిల్ల పుట్టి ఇంతసేపాయె, సూదింకా ఎయ్యరేంది?" అని గడపవ్వ అక్కడి వాళ్ళను పరేషాన్ చేసిందని విని నాకు ఎంత గర్వం కలిగిందో!

టీకాలు వేసిన ఆ బుధవారం సాయంత్రమే బస్టాండులో నిలబడి మా నాన్నకు ఫోన్ చేశాను. "ఊరంతటినీ నేనొక్కదాన్నే ఒప్పించిన బాపూ" అని గొప్పలు చెప్పుకున్నాను. కంచె సంగతి, కేక సంగతి మింగేశాను. ఇన్నేళ్ళ తర్వాత, పిక్కకు కట్టుతో, చిరిగిన చున్నీతో అంత గొప్పగా అబద్ధమాడిన ఆ పిల్ల గుర్తొస్తే నాకు కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ ఇప్పించాలనిపిస్తుంది.