మొదటి పేజీ కోసం అజ్మాన్ దాకా

ముప్పై ఏళ్లుగా అబుదాబి పక్కన ముసఫ్ఫా గ్యారేజీలో పనిచేస్తూ నేను కట్టిన పాటలు నూరు దాకా ఉన్నాయి. వాటిని అచ్చు వేయిస్తానని అజ్మాన్‌లో కార్గో దుకాణం నడిపే మా జిల్లా సేటు అన్నాడు. ఒకటే షరతు, మొదటి పేజీలో ఆయన మీద పద్యం ఉండాలి. వచ్చే నెల నేను పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాను. ఇక్కడ కాకపోతే ఇక అచ్చు కాదు. ఎన్నాళ్లు కూర్చున్నా ఒక్క పాదం రాలేదు. దారిలోనైనా వస్తుందేమోనని ఆదివారం పాటల నోటుబుక్కు పట్టుకుని బయలుదేరాను.

నా గదిలోనే ఉండే ప్లంబర్ మల్లేశ్ తోడు వచ్చాడు. ఆరింటికి ముసఫ్ఫాలో సిటీ బస్సు ఎక్కి, అబుదాబి బస్టాండులో షార్జా బస్సు పట్టుకున్నాం. మనిషికి ముప్పై అయిదు దిర్హంలు, రెండున్నర గంటలు. మోకాళ్లు పట్టేశాయి. పద్యం రాలేదు. షార్జాలో దిగేసరికి ఎండ ముదిరింది. లోపల చల్లగా ఉంటుందని మల్లేశ్ ఒక పాత పుస్తకాల ప్రదర్శనలోకి తీసుకెళ్లాడు. టికెట్ లేదు. అద్దాల పెట్టెల్లో మూడు వందల ఏళ్ల నాటి యూరప్ కవుల పుస్తకాలు. అప్పట్లో కవి మొదటి పేజీల్లో ఒక దొరను పొగిడేవాడనీ, దొర మెచ్చి డబ్బు ఇచ్చేవాడనీ కాపలా ఉన్న మలయాళీ ఆయన హిందీలో చెప్పాడు.

"అంటే కవికి గూడ కఫీల్ ఉంటుండెనా కాకా?" అన్నాడు మల్లేశ్.

కఫీల్ అంటే ఇక్కడ మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే యజమాని. కాపలా ఆయనకు అది హిందీలో చెబితే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పక్క పెట్టెలో ఇంకో పుస్తకం ఉంది. అందులో దొర లేడు, పేర్ల వరుస ఉంది. పుస్తకం కొంటామని ముందే ఒప్పుకున్నవాళ్లవట, వాళ్ల డబ్బుతోనే అచ్చు వేసేవారట. ఆ లిపి నాకు చదవడం రాదు. ఒకదాని కింద ఒకటి పేర్లని మాత్రం తెలుస్తోంది. చాలాసేపు నిలబడ్డాను.

అక్కడి నుంచి ట్యాక్సీలో అజ్మాన్ ఇరవై నిమిషాలు. సేటు మంచివాడే. కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు, ఊరి సంగతులు అడిగాడు. తర్వాత చేయి చాపాడు.

"ఏదీ లింగన్నా, నా పద్యం?"

"రాలే సేటూ."

"గ్యారేజీల డొక్కు లారీ మీద పాట కడితివి. నా మీద నాలుగు ముక్కలు రావా?"

"ఆ లారీ కింద ఏండ్లకేండ్లు పండుకుని పనిజేసిన. మీతోని నాకు అంత సావాసం లేదు."

ఆయన చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. "అయితే ఖలాస్" అన్నాడు. చాయ్ మాత్రం తాగి పొమ్మన్నాడు. తాగాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే మాట. ఆదివారం సాయంత్రం షార్జాలో అబుదాబి బస్సుకు పెద్ద వరుస ఉంటుంది, నాలుగింటిలోపే చేరుకోండి. మేము గంటకు పైగా నిలబడ్డాం. సీటు దొరికాక నాకు మాట్లాడే ఓపిక లేదు. పాటలు ఎట్లా వచ్చాయో అట్లాగే, అచ్చు కాకుండానే ఊరికి పోతాయనుకున్నాను. సగం దారిలో మల్లేశ్ నోటుబుక్కు తీసుకుని, సేటు పద్యానికని ఖాళీగా వదిలిన మొదటి పేజీ తెరిచాడు. పుస్తకం ఎప్పుడు వేసినా తనకొకటి కావాలని, తన పేరు రాసుకోమన్నాడు. రాశాను. బస్సు ఊపుకు అక్షరాలు వంకరపోయాయి. ఒక్క పేరుతో పుస్తకం అచ్చు కాదని నాకు తెలుసు. కింద చోటు చాలా ఉంది.