పోను పద్నాలుగు, రాను పదహారు

విమానాశ్రయంలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. ప్రయాణికులు దిగిపోయాక విమానం లోపల శుభ్రం చేసే బృందంలో ఆమెది దుప్పట్లు మడిచి, సీట్ల ముందున్న టీవీ తెరలు తుడిచే పని. ఆమె చేతి మడత ఇస్త్రీ చేసినట్టుండేది.

సముద్రాల అవతలి నగరం నుంచి వచ్చే పెద్ద విమానమంటే ఆమెకు ప్రాణం. ఆ నగరంలో ఆమె చెల్లెలు నర్సు. అక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడిపోయింది. ఆ విమానంలో అడుగు పెట్టగానే మడతక్క ఒకసారి గట్టిగా గాలి పీల్చుకునేది. అది చెల్లెలి ఊరి గాలేనని ఆమె నమ్మకం.

"మా చెల్లి వాళ్ల ఊరు ఎంత దూరం సార్?" అని ఒకరోజు సూపర్‌వైజరును అడిగింది.

"పదకొండు వేల కిలోమీటర్లు. పోను పద్నాలుగు గంటలు, రాను పదహారు."

"దారి ఒకటేగా! ఆ రెండు గంటలూ ఎక్కడ ఆగుతుంది?"

"ఎక్కడా ఆగదమ్మా. వచ్చేటప్పుడు పైన ఎదురుగాలి."

"అయితే ఆ గాలికి కూడా మా వాళ్లను ఇటు పంపడం ఇష్టం లేదన్నమాట," అని నవ్వింది. నవ్వింది గానీ ఆ రోజంతా మనసు మనసులో లేదు.

కడుపుతో ఉన్న చెల్లెలికి ఏడో నెలలో రక్తపోటు పెరిగి ఆసుపత్రిలో చేర్చారు. "భయంగా ఉందే అక్కా. ఒక్కసారి రావే," అంది ఫోనులో. ఎప్పుడూ నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల. అక్కడి నుంచే మరిది టికెట్ పంపాడు. "వెళ్లిరా, నా కూర నేను మాడ్చుకుంటాలే," అని సాగనంపాడు దర్జీ పనిచేసే భర్త.

ఏళ్ల తరబడి ఎక్కి దిగుతున్న విమానంలో మొదటిసారి ప్రయాణికురాలిగా కూర్చుంది. రోజూ తుడిచే తెర మీద పటం వెలిగింది. దానిపై బుల్లి విమానం. ఓ కునుకు తీసి లేచినా అది సముద్రం మీదే ఉంది. గోటితో దాన్ని కాస్త ముందుకు నెట్టి చూసింది.

"ఏం కావాలండీ?" అంది మంచినీళ్లు తెచ్చిన అమ్మాయి.

"ఇది కదలడం లేదమ్మా."

"కదులుతోందండీ. దూరం ఎక్కువ కదా, తెలియదు."

ఆమె చేరేసరికే పాప పుట్టేసింది. గాజుపెట్టెలో, అరచేతంత. చెల్లెలు మంచం మీద నీరసంగా నవ్వింది.

"నీ జడ ఏదే?"

"డ్యూటీల్లో ఎవరేస్తారక్కా? కత్తిరించేశా."

మడతక్క పక్కన కూర్చుని, జడకు అందని ఆ జుట్టునే చాలాసేపు దువ్వింది. దువ్వుతుండగానే చెల్లెలు నిద్రపోయింది.

పాప గండం గట్టెక్కి ఇంటికొచ్చింది. వీసా గడువు దగ్గరపడింది. విమానాశ్రయంలో అక్క చేతుల్లోంచి పాపను అందుకోవడానికి చెల్లెలికి చేతులు రాలేదు. మరిదే తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో మడతక్క తెర వెలిగించలేదు.

మళ్లీ పనిలో చేరాక పెద్ద విమానం వచ్చింది. బృందమంతా దిగిపోయినా ఆమె కిటికీ పక్క సీటులోనే ఉండిపోయింది. సూపర్‌వైజరు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది సార్. కూర్చుంటే లేవబుద్ధి కావట్లేదు. నన్ను చిన్న విమానాలకు మార్చండి."

ఆయన ఇంకేమీ అడగకుండా మార్చాడు. ఇప్పుడామె గంటా గంటన్నరలో గమ్యం చేరే విమానాలే శుభ్రం చేస్తోంది. పెద్ద విమానం దిగే వేళకు టీ నెపంతో బయటికొచ్చి, అది ఆగేదాకా చూస్తుంది. చెల్లెలు ఫోను చేస్తే పాప కబుర్లన్నీ గుచ్చి గుచ్చి అడుగుతుంది. ఎప్పుడొస్తారని మాత్రం అడగదు.