మిషన్‌కు కప్పిన చీర

మా ఊరి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి గాలిలోకి ఎంత పొడి పోతోందో కొలవడానికి కాలుష్య నియంత్రణ ఆఫీసు నుంచి ఒక మిషన్ వచ్చింది. దాన్ని మా మిద్దె మీదే పెడతారని లెక్క వేసుకున్నాను. పక్కింటి అన్న మిద్దె కన్నా మాది ఫ్యాక్టరీ గొట్టానికి దగ్గర. గాలి కూడా ఎక్కువ నెలలు మా వైపే వీస్తుంది. ఇదంతా మిషన్ తెచ్చిన సారుకు వివరించాను. ఆయన మా నిచ్చెన వైపు ఒకసారి చూసి, మెట్లున్న పక్కింటికి నడిచాడు.

ఆ తర్వాత వాళ్లింటికి వచ్చేపోయే జనమే జనం. నాకు అన్నం సయించలేదు.

పొడి హద్దు దాటినట్టు తేలితేనే గొట్టానికి కొత్త వడపోత సంచులు వేయమని ఫ్యాక్టరీకి ఆర్డరు పోతుంది. మా అమ్మ రాత్రంతా దగ్గుతో ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేది. కానీ మిషన్‌లో పొడిని పట్టే కాగితం మొదటి విడతలో తెల్లగానే వచ్చింది. మా అరుగు మీదేమో ఊడ్చిన పూటే వేలితో గీత గీయొచ్చు. లెక్క కుదరలేదు.

కడుపుమంటతో రోజూ వాళ్ల మిద్దె వైపే చూసేవాణ్ణి కాబట్టి ఒక పొద్దున కంటబడింది. టీవీకి, కుట్టుమిషన్‌కు కప్పినట్టే వదిన దానికీ పాత నూలుచీర కప్పింది.

"సారొస్తే తీస్త గద. సర్కారు సామాను, దుమ్ము పడొద్దని కప్పిన," అంది.

"దుమ్ము పడాలనే పెట్టిండ్రు వదినా."

"నీ మిద్దె మీద పెట్టలేదని కండ్లు మండుతున్నయి మరిదీ నీకు."

మండుతున్న మాట నిజమే. అయినా సారుకు చెప్పాను. ఆయన నవ్వు ఆపుకుని మళ్లీ కొలిపించాడు. ఈసారి కాగితం బూడిదరంగులో వచ్చింది. ఆర్డరు పోయింది, సంచులు పడ్డాయి.

వానాకాలం దాటేసరికి అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోసాగింది. ఒకరోజు పక్కింటి వైపు దండం పెట్టి, "ఆళ్ల మిషన్ పుణ్యం బిడ్డా," అంది.

చీర సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మ దగ్గకుండా అంత పొడుగు మాట మాట్లాడి చాలాకాలమైంది. మిషన్ మాత్రం మా మిద్దె మీద ఉండాల్సింది. మెట్లు కట్టించడానికి మేస్త్రీని పిలిచాను.