సీసాలక్క ఒంటి వాసన

మా ల్యాబులో ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. పెద్దసారు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె సీసాలక్కే. ఇరవై ఏళ్లుగా ఇక్కడ రోజుకు రెండు వందల సీసాలు కడిగి, నింపి, బోనులకు తగిలించే మనిషిని ఇంకేమని పిలుస్తారు? నన్నయితే వెనకాల మిరపకాయ అంటారట. అననివ్వండి. నా నోరు మంచిది కాదని నాకూ తెలుసు. ఆ నోటితోనే ఆమెను పట్టిచ్చాను కాబట్టి, ఆమె సంగతి చెప్పాల్సింది కూడా నేనే.

మా పని ఎలుకలతో. ఇళ్లలో తిరిగే ఎలుకలు కావు. తెల్లవి, ఎర్ర కళ్లవి, తాతముత్తాతల వివరాలన్నీ కాగితం మీద ఉన్నవి. మందు ఇష్టపడే ఎలుకకు మందు ఇష్టపడే ఎలుకనే జతకట్టి, పిల్లల్లో బాగా తాగేవాటిని ఏరి మళ్లీ జతకట్టి, అలా నలభై తరాలు పెంచిన వంశం ఒకటి. మందంటేనే మూతి తిప్పుకునే వంశం ఇంకొకటి. మాలో మేము మొదటివాటిని తాగుబోతులనీ, రెండోవాటిని బుద్ధిమంతులనీ అనుకుంటాం. ప్రతి బోనుకూ రెండు సీసాలుంటాయి. ఒకదానిలో మంచినీళ్లు, ఇంకోదానిలో స్పిరిట్ కలిపిన నీళ్లు. ఏది తాగాలో ఎలుక ఇష్టం. సాయంత్రం తూచి పెట్టిన సీసాలు పొద్దున్న మళ్లీ తూస్తాం. ఎంత తగ్గితే అంత తాగినట్టు. నింపడం సీసాలక్క పని, తూచడం నా పని.

తాగుబోతు ఎలుక మొదటి గంటలో చూడముచ్చటగా ఉంటుంది. భయం లేకుండా బోనంతా కలయతిరుగుతుంది, వేలు చూపిస్తే వచ్చి వాసన చూస్తుంది. తర్వాత మూల చేరుతుంది, పక్క ఎలుక దగ్గరికొస్తే కరుస్తుంది. నాలుగు రోజులు ఆ సీసా తీసేస్తే ఇనప ఊచలు కొరుకుతుంది, చిన్న చప్పుడుకే ఎగిరిపడుతుంది. నేను ఇవన్నీ అంకెల్లో రాసుకునేదాన్ని. సీసాలక్క ఒకరోజు నా పక్కన నిలబడి చాలాసేపు చూసి, "అచ్చం మా ఇంటాయనే," అంది. నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

తర్వాత సీసాలు కడుగుతూ కడుగుతూ కొంచెం కొంచెంగా చెప్పింది. ఆయన కూడా ఇంటికొచ్చిన మొదటి గంట నవ్వించేవాడు, కూతుర్ని భుజాన ఎక్కించుకుని ఆడించేవాడు. ఒకరోజు అలా ఆడిస్తూనే మూడేళ్ల పిల్లను ఒంటిచేత్తో పట్టుకుని మూడో అంతస్తు మెట్ల పక్క నుంచి కిందికి వేలాడదీశాడు. పిల్ల ఏడుస్తుంటే నవ్వాడు. మర్నాడే ఈమె పిల్లను తీసుకెళ్లి పిల్లలు లేని తన అక్క చేతిలో పెట్టింది. "ఇది నీ కూతురే అక్కా. నేను దీనికి పిన్నిని, అంతే," అని మాటిచ్చి వచ్చింది. రెండేళ్లకు ఆయన పోయాడు. అయినా పిల్లను వెనక్కి అడగలేదు.

"ఎందుకడగలేదక్కా?" అన్నాను.

"ఆయన రక్తమే కదా దానిది. నా దగ్గరుంటే ఆ ఇల్లూ, ఆ గోడలూ, వాళ్ల నాన్న గురించి ఇరుగుపొరుగు చెప్పే మాటలూ. మా అక్క ఇంట్లో అవేం లేవు. చక్కగా పెరుగుతుందిలే అనుకున్నాను."

నెలకోసారి వెళ్లేది. ల్యాబు నుంచి ఇంటికెళ్లి, రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరేది. అయినా మా ఒంటికి పట్టిన స్పిరిట్ వాసన అంత తేలిగ్గా వదలదు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, పిల్లను దూరం నుంచే చూసి వచ్చేది. "దగ్గరికి రాదు తల్లీ. సిగ్గు దానికి," అనేది.

ఇలా ఉండగా పెద్దసారు కొత్త ప్రయోగం మొదలుపెట్టారు. తాగుబోతు తల్లికి పుట్టిన పిల్లల్ని పుట్టిన రోజే బుద్ధిమంతురాలి దగ్గరికి మార్చి పెంచితే, పెద్దయ్యాక తాగుతాయా, మానేస్తాయా? రక్తమా, పెంపకమా? అదీ తేలాల్సింది. మార్చే పని సీసాలక్కదే. కళ్లు తెరవని, వేలి కణుపంత గులాబీరంగు పిల్లలు పన్నెండు. పెంపుడు తల్లి బోనులోని రంపపు పొట్టు తీసి వాటి ఒళ్లంతా రుద్దింది. వాసన తేడా వస్తే తల్లి కొరికి చంపేస్తుంది మరి. "నీ పిల్లలే తల్లీ, పాలియ్యి," అని ఆ ఎలుకతో గొణుగుతూ ఒక్కొక్కదాన్నీ లోపల పెట్టింది.

ఆ రోజు నుంచి ఆమె ప్రాణాలన్నీ ఆ పన్నెండింటి మీదే. నా వెంటపడి నా ప్రాణం తీసేది.

"ఇవి తాగకపోతే నేను చేసింది మంచి పనే అన్నట్టు కదా?"

"ఎలుకలకీ మీ అమ్మాయికీ పోలికేంటక్కా, మతి గానీ పోయిందా?" అని కసిరేదాన్ని. ఆమె వినిపించుకునేది కాదు.

పిల్లలు పెద్దవయ్యాయి, సీసాలు పెట్టాం. మొదటి వారం స్పిరిట్ సీసా దాదాపు తగ్గనే లేదు. రెండో వారమూ అంతే. పెద్దసారు కాలు ఒకచోట నిలవలేదు. సీసాలక్క మొహం చూస్తే పదేళ్ల వయసు తగ్గినట్టుంది. ఒక మధ్యాహ్నం నాతో, "వచ్చే నెల దానికి నా చేత్తో జడ వేస్తాను," అంది. ఇరవై నాలుగేళ్ల పిల్లకు జడేంటని ఆటపట్టించాను.

మూడో వారంలో ఒక పొద్దున, తూస్తుంటే స్పిరిట్ సీసా నా చేతి మీద కారింది. వాసన రాలేదు. నాలుక మీద వేసుకున్నాను. ఉత్త నీళ్లు. పన్నెండు బోనుల సీసాలూ వరసగా చూశాను. పన్నెండింటిలోనూ నీళ్లే.

నాకు ఒళ్లు మండిపోయింది. కడుగుడు గదిలోకి వెళ్లి, "ఏం చేశావక్కా?" అని అరిచాను. ఆమె దాచలేదు. స్పిరిట్ తొట్టిలో పారబోసి నీళ్లు నింపేదట. పొద్దున్నే నేను రాకముందే, తగ్గినంత మళ్లీ నింపేదట. "అవి తాగుతుంటే చూడలేననుకున్నాను," అంది. తలుపు వేసి నెమ్మదిగా మాట్లాడాల్సింది. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. పెద్దసారు విన్నారు, ఆఫీసంతా విన్నది.

స్పిరిట్ ఏమైందని అడిగారు. పారబోశానంటే ఒక్కరూ నమ్మలేదు. దగ్గరికి వెళితే వాసన వచ్చే మనిషి మాట ఎవరు నమ్ముతారు? ల్యాబు స్పిరిట్ దొంగిలించి తాగానని ఒప్పుకుంటున్నట్టు కాగితం టైపు చేశారు. సంతకం పెడితే పోలీసుల దాకా పోనివ్వకుండా పంపించేస్తామన్నారు. ఆమె పెట్టనంది. వారం రోజులు రోజూ పిలిచారు, రోజూ పెట్టనంది. "పని పోతే పోనీ తల్లీ. జైల్లో వేసినా సరే, తాగానని మాత్రం రాయను. ఆ మాట నా కూతురి చెవిన పడితే నేను బతకను," అని నాతో అంది. ఆమె చుక్క ముట్టదని నేనూ చెప్పాను. పట్టిచ్చినదాన్నే ఇప్పుడు వెనకేసుకొస్తే ఎవరు వింటారు?

ఆ వారమంతా ఆ పన్నెండు ఎలుకలకూ అసలు స్పిరిట్ నేనే నింపి, నేనే తూచాను. ఆఖరి రోజున సీసాలక్క కడుగుడు గదిలోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎన్ని తాగాయి?"

"పది."

"పదా?"

"పది. కన్నతల్లి ఎంత తాగేదో అంతే తాగాయి."

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఇరవై ఒక్కేళ్లు పిన్నీ అనిపించుకున్నాను తల్లీ. ఇదంతా ఊరికేనా?" అంది. నేను తూచిన సీసాలు ఒక్కొక్కటే మళ్లీ వరసలో పెట్టాను.

స్పిరిట్ తాగింది, నచ్చజెప్పి తీసుకెళ్లడానికి ఇంటినుంచి ఎవరైనా రావాలని ఆఫీసువాళ్లు అప్పటికే ఆమె అక్క ఇంటికి ఫోన్ చేశారు. కాసేపటికి వరండాలోకి ఒక అమ్మాయి వచ్చింది. నుదురూ కనుబొమలూ సీసాలక్కవే, దింపేసినట్టున్నాయి. నేను కడుగుడు గదిలోంచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

"మా పిన్ని కోసం వచ్చానండీ. అమ్మకి ఒంట్లో బాలేదు. స్పిరిట్ తాగిందటగా?" అంది. గొంతులో ఆశ్చర్యం కూడా లేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"కొత్తగా చెప్పాలా? చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎప్పుడొచ్చినా ఇదే వాసన, ఈ గదిలోంచి వస్తున్న వాసనే. పిన్ని తాగుతుంది, దగ్గరికెళ్లకు అని అమ్మ చెప్పేది." బ్యాగులోంచి రుమాలు తీస్తూ అంది. "ఒకందుకు మంచిదేలెండి. మా ఆఫీసులో అందరూ తాగుతారు. ఒకసారి నేనూ గ్లాసు నోటిదాకా తెచ్చుకున్నాను. మనసు లాగింది, అబద్ధం ఎందుకు? అంతలో పిన్ని వాసన వచ్చింది. కింద పెట్టేశాను. ఇంతవరకూ ముట్టలేదు."

నేను ఆగలేకపోయాను. "చూడమ్మా, మీ పిన్ని అసలు..."

వెనక తలుపు తెరుచుకుంది. తడి చెయ్యి ఒకటి నా మణికట్టు పట్టుకుంది. సీసాలక్క అన్నీ విన్నది. కూతుర్ని కళ్లారా చూసింది.

"అవునమ్మా, తాగేదాన్ని," అంది.

"అక్కా," అన్నాను.

"నువ్వూరుకో తల్లీ." నా చెయ్యి నొప్పెట్టేలా బిగించింది. తర్వాత వదిలేసి, తనే నడుచుకుంటూ పెద్దసారు గదిలోకి వెళ్లి, "ఆ కాగితం ఇలా ఇవ్వండి," అంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ఆ అమ్మాయి గుమ్మంలోనే, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఇకనైనా మానెయ్ పిన్నీ," అంది.

"మానేస్తానమ్మా. నువ్వు మాత్రం ముట్టకు."

పెద్దసారు కాగితం నా వైపు తిప్పారు. కింద సాక్షి అని రాసి ఉంది. నేను సీసాలక్క వైపు చూశాను. ఆమె తల ఊపింది. నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టాను.