వాడపల్లి దారిలో మిణుకుమన్న ఇంజన్ లైటు

నేను కారు కొన్నది షికార్లకు కాదు, మా చెల్లెలి నోరు మూయించడానికి. చెల్లెలు సుజాతను కోదాడలో ఇచ్చాం. దాని పెద్దకొడుక్కి పుట్టువెంట్రుకలు తీసిన రోజు మేనమామగా నేను వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. ఆ సమయానికి నేను సూర్యాపేట బస్టాండులో రాని బస్సు కోసం మెడ సాచి నిలబడ్డాను. చేరేసరికి పిల్లవాడికి గుండు కూడా అయిపోయింది. మాకు వరుసకు తమ్ముడయ్యే ఒకడు నా బదులు కత్తెర పట్టాడట. ఆ తర్వాత ఆరేళ్లపాటు, ఏ పండక్కి కలిసినా, ఎప్పుడు ఫోన్ చేసినా, ఒక్కగానొక్క మేనమామవు ఒక్క కత్తెరకు రాలేకపోయావని మొదలుపెట్టేది. అందుకే 2012 మాఘంలో దాని చిన్నకూతురు చిన్ని వంతు వచ్చేసరికి, బడిపంతులు జీతానికి తగ్గట్టు ఒక పాత పెట్రోలు కారు కొనేశాను.

ముహూర్తం వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, పగలు పన్నెండు లోపు. అది దాటితే మూఢం వస్తుంది, అది పోయేలోగా చిన్నికి ఏడాది నిండిపోతుంది, ఇక మూడో ఏటిదాకా ఆగాల్సిందే. బావ, చుట్టాలు వంటసామానుతో ముందురోజే డీసీఎం వ్యానులో వెళ్లిపోయారు. చెల్లెల్ని, దాని అత్తగారిని, చిన్నిని తీసుకొచ్చే బాధ్యత నాది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ మీదుగా నేరుగా వాడపల్లి పోయే దారి ఉన్నా నేను కోదాడ తిరిగి వెళ్లడానికి అదే కారణం.

ఉదయం ఆరుంబావుకు సూర్యాపేటలో ఐదువందలకు పెట్రోలు పోయించుకుని బయల్దేరాను. అప్పటికి హైవే పనులు ఇంకా అక్కడక్కడ సాగుతున్నాయి. మట్టికుప్పలు దగ్గరైనప్పుడల్లా లారీల వెనక నెమ్మదిగా పోవాల్సి వచ్చింది. మునగాల దగ్గర ఒక ధాబాలో వేడివేడి పూరీ తిన్నాను. రోడ్డుకు అటూ ఇటూ నాట్లు వేసిన మళ్లు పచ్చగా ఉన్నాయి. నా కారు నాకు ఎంత ముద్దొచ్చిందంటే, తింటున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. వంటాయన కూడా రెండుసార్లు అటు చూసి, కొత్తదా అని అడిగాడు. నాకు కొత్తదే అన్నాను.

ఏడుముప్పావుకు కోదాడ చేరాను. చెల్లెలు గుమ్మంలోనే పళ్లెంతో నిలబడి ఉంది. అన్న మొదటిసారి కారేసుకుని వచ్చాడు కదా, పూజ చేయకుండా ఎక్కనంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, అద్దానికి బొట్టు పెట్టింది. అక్కడితో ఆగితే ఈ కథే లేదు. బండి నడిచేది ఇంజన్‌తో అయితే పూజ రేకుకు చేసి ఏం లాభమని చెల్లెలి అత్తమ్మ అడిగింది. ఆ మాట నాకూ న్యాయంగానే తోచి బానెట్ ఎత్తాను. చెల్లెలు ఇంజన్‌కు గంధం పూసి, కుంకుమ పెట్టి, చెంబులో మిగిలిన పసుపు నీళ్లన్నీ భక్తిగా పైన పోసింది. నేను పక్కన నిలబడి దండం పెట్టాను. బడిలో పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, నాకూ తట్టలేదు.

ఎనిమిదీ నలభైకి కోదాడ వదిలాం. హుజూర్‌నగర్ దాకా అరగంట పైన పట్టింది, దారి బాగానే ఉంది. వెనక సీట్లో చిన్ని చెవుల మీద పడే జుట్టును గుప్పిట్లో పట్టుకుని కేరింతలు కొడుతోంది. నేరేడుచర్ల ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా కారు ఒక్కసారి జర్కిచ్చింది. మళ్లీ ఇచ్చింది. ఎత్తు ఎక్కలేక రొప్పడం మొదలుపెట్టింది. నా ఎదుట మీటర్ల మధ్య పసుపుపచ్చ లైటొకటి మిణుకుమిణుకుమంటోంది, బోరుమోటారులాంటి బొమ్మ. అత్తమ్మ ముందుకు వంగి చూసి, పూజ ఫలించింది నాయనా, దీపం వెలిగిందంది.

నేను మాత్రం గడియారం చూసుకున్నాను. టైము తొమ్మిదీ నలభై. ముందు సీటు ఎదుటి డబ్బాలో కారుతో పాటు వచ్చిన పుస్తకం ఉంది. పక్కకు ఆపి వేలు పెట్టుకుని వెతికాను. అందులో ఉన్నది ఇంత. ఆ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి వీలైనంత త్వరగా చూపించుకోవాలి. మిణుకుతుంటే నడపడం ఆపేయాలి. నూనె, వేడి చూపించే ఎర్రలైట్లు వెలిగితే ఇంజన్ అక్కడికక్కడే ఆపాలి. పుస్తకం మూశాను. వాడపల్లి ఇంకా యాభై కిలోమీటర్లు. ఎలాగోలా లాక్కుపోదామా అని మనసు పీకుతోంది. ఈసారి కూడా తప్పిపోతే ఆ మాట ఇక జన్మంతా పడాలి.

చివరికి చెల్లెలితో అన్నాను, మీరు ముగ్గురూ ఏదో ఒక బస్సెక్కి వెళ్లిపోండి, ముహూర్తం అందుతుంది, కత్తెర ఆ తమ్ముడే పడతాడులే అని. అది చిన్నిని ఒళ్లోకి లాక్కుంది.

"ముహూర్తం పోతే పోనీ అన్నా. నువ్వు లేకుండ రెండోసారి తీయియ్య. మూడేండ్లకైనా నీ ఒళ్లెనే తీద్దాం."

ఆరేళ్లుగా సాధించిన చెల్లెలు ఇదేనా అనిపించింది. కిందికి దిగి రోడ్డు మీద నిలబడ్డాను. అదృష్టం కొద్దీ ఒక ట్రాక్టరాయన ఆగి, తాడు కట్టి నేరేడుచర్ల దాకా లాక్కెళ్లాడు. అక్కడ ఆ పొద్దున తెరిచి ఉన్నది బైకులు బాగుచేసే జానీ షాపొక్కటే. కార్లు చూస్తారా అని భయంభయంగా అడిగాను. ప్లగ్గు ఎందుల ఉన్నా ప్లగ్గే సార్ అన్నాడు. బానెట్ ఎత్తగానే కుంకుమ చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ప్లగ్గులకు వెళ్లే వైర్లు ఒక్కోటి పీకాడు. మూడోది పీకగానే ప్లగ్గు దిగి ఉండే గుంతలో పసుపుపచ్చ నీళ్లు కనపడ్డాయి. వేలు ముంచి వాసన చూశాడు.

"ఇంజన్ల పసుపు నీళ్లు ఎవలు పోసిండ్రు?"

చెల్లెలు రోడ్డవతల పొలం వైపు చూస్తోంది. అత్తమ్మ చిన్ని బట్టలు సర్దుతోంది. దండం పెట్టింది నేను కాబట్టి, మేమే అన్నాను. జానీ నవ్వలేదు, తిట్టలేదు. తమ దగ్గరికి దసరా మర్నాడు ఇలాంటివి రెండు మూడు వస్తూనే ఉంటాయన్నాడు. గుంతలో నీళ్లు గుడ్డతో పీల్చాడు, పక్కన పంక్చర్ షాపు నుంచి గాలిపైపు లాగి ఊదాడు, ప్లగ్గు విప్పి తుడిచి ఆరబెట్టాడు. ఆ పని చేస్తూనే నాకు సంగతి విప్పి చెప్పాడు. నీళ్లకు కరెంటు దారి తప్పుతుంది, ఒక సిలిండర్ అంటుకోదు, కాలని పెట్రోలు అట్లాగే పొగగొట్టంలోకి పోతుంది. ఎక్కువసేపు నడిపితే అక్కడ పొగను శుభ్రం చేసే జాలీ మాడిపోతుంది. దాని ధర విన్నాక, ఆగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పదీ ముప్పైఐదుకు తాళం తిప్పితే కారు మెత్తగా పలికింది. లైటు మాత్రం ఆరలేదు, కాకపోతే ఈసారి మిణకకుండా నిలకడగా ఉంది. మళ్లీ నా ముఖం పాలిపోవడం చూసి జానీ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పరేషాన్ గాకు సార్. జరిగింది యాదికి పెట్టుకున్నది, గంతే. మెల్లగ పో, నాలుగు రోజులు నడిస్తే అదే ఆరిపోతది. మళ్ల మిణికితే మాత్రం ఆపు."

నూట యాభై తీసుకున్నాడు. చిన్ని జుట్టు చూసి సంగతి తెలుసుకుని, ముహూర్తం ఖతం కాకముందే చేరుకోండని సాగనంపాడు. నలభైఐదు దాటకుండా నడిపాను. మిర్యాలగూడ రైలుగేటు తెరిచే ఉండటం ఆ రోజు నేను చూసిన అన్నిటికన్నా పెద్ద వింత. అక్కడి నుంచి రోడ్డు మీద సిమెంటు లారీలు వరసగా ఉన్నా, ఒక్కదాన్ని కూడా దాటాలని చూడలేదు. వాడపల్లి చేరేసరికి పదకొండూ నలభైఎనిమిది. ఒడ్డున బావ చేతులూపుతున్నాడు.

ఒంటికి నీళ్లు కూడా చల్లుకోకుండా గట్టున కూర్చున్నాను. చెల్లెలు చిన్నిని నా ఒళ్లో పెట్టింది. కత్తెర వేళ్లకు పట్టలేదు. కుడివైపు ఒక పాయ తీసి కత్తిరించాను. చిన్ని ఏడవలేదు, నా మీసం పట్టుకుని గుంజింది. అందరూ నవ్వారు, చెల్లెలు మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లు నిండాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆరేళ్లూ దాని మాటల్ని సాధింపనుకుని విసుక్కున్నాను. నేను రావాలని అది అన్నిసార్లు అడిగిందని, రానందుకు అంత బాధపడిందని ఆ రోడ్డు పక్కన ఆగితే గానీ నాకు తెలియలేదు. సాయంత్రం మేకకూర భోజనాలయ్యాక అందరూ కారు చుట్టూ చేరి అసలు ఏం జరిగిందో అడిగారు. చెల్లెలే ముందుకొచ్చి, అంతా తనే పోశానని చెప్పి అందర్నీ నవ్వించింది.

లైటు ఐదో రోజు ఆరిపోయింది. ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పేది ఒకటే. పూజ బానెట్ మూసి చేయండి, ఇంజన్ లైటు మిణికితే ఎంత తొందరున్నా ఆపండి. ముహూర్తం పోతుందని భయపడి ఆ రోజు నేను ముందుకే లాగి ఉంటే, మా చెల్లెలు నా కోసం మూడో ఏటిదాకా ఆగడానికి సిద్ధంగా ఉందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.