పుణ్యవతి ఏరిన బొగ్గు

పుణ్యవతికి మురికి సరుకు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఒడిశాలో హుమ్మ ఊరి ఉప్పు మళ్ళలో పెరిగిన చెయ్యి మరి. ఉప్పు కుప్పలో నల్లటి పెళ్ళ కనబడితే ఏరి అవతల పారేయందే బస్తా మూతి కట్టనివ్వదు. మోకాళ్ళ నొప్పులతో ఉప్పునీళ్ళలో నిలబడలేక, గంజాం దగ్గర ఓ ఫ్యాక్టరీవాళ్ళ కరెంటు ప్లాంటులో కూలికి చేరింది. అక్కడ ఆమె పని బొగ్గు నమూనా తీయడం. లారీ దింపిన బొగ్గులోంచి కొంత కుప్ప పోసి, అప్పడంలా చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండూ ఉంచి తక్కినవి తోసేయాలి. అలా తగ్గించగా మిగిలింది సంచిలో కట్టి బరంపురం ల్యాబుకి పంపాలి.

ప్లాంటు ఏటా ఎంత కార్బన్ పొగ వదిలిందో సర్కారుకి చెప్పుకోవాలి. అక్కడ గొట్టమెక్కి పొగను ఎవరూ కొలవరు. సంచిలోని బొగ్గులో కార్బన్ ఎంతుందో చూసి, కాల్చిన బొగ్గంతటికీ అదే లెక్కన అంచనా వేస్తారు. ఈ సంగతి పుణ్యవతికి ఎవరూ చెప్పలేదు. కూలి మనిషికెందుకులే అనుకున్నారు, మహానుభావులు!

ఆ ఏడు నెలనెలా వేసుకునే అంచనా ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ రాసాగింది. కాలుస్తున్నదేమో నాసిరకం బొగ్గు, ల్యాబేమో మేలురకం అంటోంది. అంచనా చూసే ఇంజనీరు శివరామ్‌ది ఇచ్ఛాపురం. పైవాళ్ళ చేత తిట్లు తిని వచ్చి ఈమె మీద విరుచుకుపడేవాడు.

"నువ్వు సరిగ్గా తీత్తన్నావా పిన్నీ? మళ్ళీ ఇలాగే వస్తే నిన్ను తీసీమంటన్నారు."

పుణ్యవతికి కోపం, దుఃఖం కలిసి వచ్చాయి. ఈ కూలి పోతే మళ్ళీ ఉప్పు మళ్ళే గతి. అందుకని ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది. అంచనా ఇంకా పెరిగింది. తిట్లూ పెరిగాయి.

విసిగిపోయి శివరామ్ ఓ పొద్దున వచ్చి పక్కనే నిలబడ్డాడు. కుప్ప పోసింది, చదును చేసింది, అంతా సవ్యంగానే ఉంది. సంచిలో వేసేముందు మాత్రం చతికిలబడి, బూడిదరంగు రాళ్ళు ఒక్కొక్కటీ ఏరి పక్కకి విసరసాగింది.

"ఏటి పిన్నీ అది?"

"రాళ్ళు బాబూ. పెద్దోళ్ళు సూసీ సరుకు కదా, మురికితో ఎలాగ పంపుతాను? మీరు తిట్టిన కాడినుంచి మరీ సుబ్బరంగా ఏరతన్నాను."

శివరామ్ నెత్తి పట్టుకున్నాడు. "బాయిలర్లోకి రాళ్ళతోటే పోతాది కదా! నువ్వు పంపింది నిఖార్సైన బొగ్గు. రాళ్ళు కూడా బొగ్గే అనుకుని లేని పొగ రాసీసేం. ఏడాది పనీ బుగ్గిపాలు!"

పుణ్యవతి లేచింది. "ఇన్ని తిట్లు తిట్టేరు. ఈ సంచి దేనికో ఒక్కనాడైనా సెప్పేరా బాబూ?"

శివరామ్ ఆమెను తీసేయలేదు. ఆమె సంచులన్నీ చెల్లవని పక్కన పడేసి, బొగ్గులో కార్బన్‌కి దేశమంతటా వాడే సగటు అంకె వేసి పంపించారు. మర్నాటి నుంచి ఆమె రాళ్ళతో సహా సంచి కట్టాలి. మొదటి సంచి మూతి బిగించి ల్యాబుకి పోయే బండి వైపు తోసి, అలాంటి సరుకు తన చేతిమీదుగా పోతున్నందుకు చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.